కమిటీకి ఏమీ కానివాళ్ళు

మా పొలాలకు పైన ఉన్న డ్యాములో నిలవ నీళ్ళలో మాకు తలా ఒక వాటా ఉంది. ఏ ఏడైనా ఎవరైనా పొలం బీడు పెడితే తమ వాటా నీళ్ళు కమిటీకి అప్పజెప్పాలి. నీళ్ళు చాలనివాళ్ళు వాటిని ఆ పంట వరకు కమిటీ దగ్గర అద్దెకు తీసుకోవాలి. ఒకరి వాటా ఇంకొకరికి నేరుగా ఇవ్వడానికి వీల్లేదు, అలా ఇస్తే ఇద్దరి తూములూ మూసేస్తారు. వినడానికి ఇంత తేలిగ్గా ఉన్న ఈ ఏర్పాటు వల్ల మా దగ్గర జరిగినన్ని గొడవలు ఆస్తి పంపకాల్లో కూడా జరిగి ఉండవు. కాలవ పక్కన ఎరువుల కొట్టు నాది. పైగా ఆ కమిటీలో సభ్యుణ్ణి. కాబట్టి నాకు తెలియని గొడవ లేదు, నా కొట్టు ముందు జరగని గొడవ అసలే లేదు.

వెనకటి కమిటీ అద్దె నీళ్ళన్నీ తమ బావమరుదులకీ వియ్యంకులకీ పంచిపెట్టింది. మిగతావాళ్ళం నోళ్ళు వెళ్ళబెట్టి చూశాం. అందుకని ఎన్నికల్లో అందరం కట్టకట్టుకుని వాళ్ళని దించేసి, కాటా ఆయన్ని చైర్మన్ చేశాం. రోడ్డు మీద లారీలు తూచే కాటా ఆయనది. నిజాయితీకి పెట్టింది పేరు. ఖాళీ లారీ తూచేటప్పుడు డ్రైవరు జేబులోని తాళాలు కూడా బయట పెట్టిస్తాడు. సొంత తమ్ముడి లారీ వస్తే, ఎవరైనా ఏమైనా అనుకుంటారని, రెండోసారి తూస్తాడు. అంత నిజాయితీపరుణ్ణి నెత్తికెక్కించుకుంటే బరువు మన మీదే పడుతుందని మాకప్పుడు తట్టలేదు.

కమిటీ ఆఫీసంటే పాత మోటారు గది. మోటారు తీసేసి చాలా కాలమైనా గ్రీజు వాసన మాత్రం పోలేదు. అందులో ఒక పొడుగు బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు వేలాడే తూము తాళాలు ఉంటాయి. మొదటి మీటింగులోనే కాటా ఆయన లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"కమిటీలో ఉన్నవాళ్ళ బంధువులు వరసలో ఆఖర్న. మిగతా అందరికీ అందాక నీళ్ళుంటే వాళ్ళకిస్తాం, లేకపోతే లేదు. మా ఇంటావిడ చెల్లెలైనా సరే, ఇదే మాట," అన్నాడు.

ఆ చెల్లెలు అక్కడే, తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ఆవిడ అక్క, అంటే చైర్మన్ భార్య. అందరం చప్పట్లు కొట్టాం. నేను ఇంకాస్త గట్టిగా కొట్టాను, ఎందుకంటే నా బావమరిది వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ ఊపులోనే ఇంకొన్ని నియమాలు పాసైపోయాయి. వాటా ఎవరి పేరున ఉంటే వాళ్ళే స్వయంగా వచ్చి, కమిటీలో ఎవరు తమకేమవుతారో నోటితో చెప్పాలి. సభ్యులెవరూ పంట మధ్యలో రాజీనామా చేయకూడదు. వెనకటి సభ్యులు నీళ్ళు వదిలే ముందు రాజీనామా చేసి, ఏమీ ఎరగనట్టు వరసలో నిలబడేవాళ్ళు మరి. ఏ నియమం మార్చాలన్నా ఏడాదికోసారి జరిగే సర్వసభ్య సమావేశంలోనే మార్చాలి.

చప్పట్లు కొట్టిన చేతులు చల్లారకముందే అసలు సంగతి బయటపడింది. మేం ఐదుగురం సభ్యులం. మా ఐదుగురికీ అత్తవైపో, అమ్మవైపో, ఎటువైపూ కాకపోతే పిల్లల పెళ్ళిళ్ళ వైపో ఏమీ కాని మనిషి ఎవరా అని చూస్తే, టైర్లకు పంక్చర్లేసే అతనొక్కడే తేలాడు. ఎక్కణ్ణుంచో వచ్చి స్థిరపడినవాడు. కొట్టు వెనక చారెడు నేలలో బీరపాదులు పెట్టుకున్నాడు.

"మొదటి హక్కు నీదే. ఎన్ని కావాలో అడుగు," అన్నాడు కాటా ఆయన.

"నాకు ఒక్క తడి చాలండి."

"మొహమాటపడకు. ఇంకా అడుగు."

"వద్దండి. నా పాదులు తేలిపోతాయి," అన్నాడు అతను భయంగా.

తర్వాత పిలిచిన ప్రతివాడూ "దూరపు చుట్టరికమేనండి" అనేవాడే. దూరమూ దగ్గరా లేదు, చుట్టం చుట్టమేనని కాటా ఆయన పట్టుపట్టాడు. అప్పుడు నా బావమరిది లేచాడు.

"ఎరువుల కొట్టాయన మా అక్క మొగుడే. కాదనను. కానీ మాకూ వాళ్ళకీ మాటల్లేవు. ఆ ఇంటి గడప తొక్కి ఎంత కాలమైందో మా ఆవిడనడగండి. ఇంక చుట్టరికం ఎక్కడిదండి?"

అందరూ నా వైపు తిరిగారు. పడదన్నది పచ్చి నిజం. మా గోడ మీద వాడు రేకులు వాల్చిన నాటి నుంచీ మాకు ఉప్పూ నిప్పూ. నాకు వాడంటే ప్రాణమని ఒక్క అబద్ధం ఆడితే వాడు వరసలో చివరికి పోతాడు. కానీ అలవాటు కొద్దీ, "వాడి మొహం నేను చూడను," అనేశాను. కాటా ఆయన మాటల్లేనివాళ్ళు బంధువుల కింద రారని తేల్చాడు. అలా నా పుణ్యమా అని నా బావమరిది అందరికంటే ముందు నీళ్ళు కట్టుకున్నాడు. ఇంట్లో మా ఆవిడ, "మీ కోపం ఇన్నాళ్ళకి మావాడికి పనికొచ్చింది," అని తెగ సంబరపడింది.

అంతే, దావానలం అంటుకున్నట్టయింది. మాటల్లేవని నమ్మించాలంటే గొడవలు నలుగురి ముందూ జరగాలి, ఆ నలుగురిలో ఒక కమిటీ సభ్యుడుంటే మరీ మంచిది. ఉదయం నుంచి సాయంత్రం దాకా కొట్టు తీసి కూర్చునే సభ్యుణ్ణి నేనొక్కణ్ణే. జనం ముందుగా వచ్చి వేళ అడిగి వెళ్ళేవాళ్ళు.

"రేపు పొద్దున కాస్త తీరుబడిగా ఉంటారా? మా బాబాయితో గొడవ పెట్టుకోవాలి."

"రేపు కుదరదు. మామా అల్లుళ్ళున్నారు. ఎల్లుండి రండి," అనేవాణ్ణి.

అన్నదమ్ములిద్దరు చొక్కాలు పట్టుకుని, సగంలో నవ్వొచ్చి ఆపుకోలేకపోయారు. వాళ్ళది చెల్లదన్నాను. ఇంకో ఇంట్లో అత్తాకోడళ్ళు ఎంత సహజంగా తిట్టుకున్నారంటే, అది మామూలు గొడవో నీళ్ళ గొడవో తేల్చుకోలేక ఇద్దరినీ మళ్ళీ రమ్మన్నాను. ఈ లోపు, వరసలో ముందున్న మనిషి కదా అని పంక్చర్ల అతనికి పిల్లనిచ్చారు. పెళ్ళయిన మర్నాడే అతనూ బంధువైపోయాడు. పాపం, కొత్త అల్లుడు అత్తారింటి మర్యాదలు తీరకముందే మామతో కొట్లాటకి నా కొట్టు ముందు నిలబడ్డాడు. అంత మొహమాటపు కొట్లాట నేనెక్కడా చూడలేదు. "మీరు చాలా మంచివారు కాదండి," అన్నాడు మామని.

చైర్మన్ మరదలి సంగతి వేరు. ఆవిడ భర్త లారీ మీద తిరుగుతుంటాడు, ఎప్పుడు ఇంటికొస్తాడో ఆయనకే తెలియదు. ఆవిడొక్కతే మొక్క మొక్కకీ గొయ్యి తీయించి దానిమ్మ తోట వేసింది. ఆ ఏడే మొదటి కాపు. చెట్లనిండా పిందెలు దిగాయి. తన వాటా నీళ్ళు ముందు తడులకే అయిపోయాయి. ఇంకా రెండు తడులు పడితే కాయ ఊరుతుంది, లేకపోతే పిందెలన్నీ రాలి కిందపడుతుంది. బావ చైర్మన్, అక్క చైర్మన్ భార్య. అంతకంటే దగ్గరి చుట్టం ఇంకెవరూ లేరు కాబట్టి వరసలో అందరికంటే వెనక ఆవిడే. ఒకరోజు కొట్టుకొచ్చి బల్ల మీద మోచేతులానించింది.

"అన్నా, మేమూ గొడవ పెట్టుకుందామనుకుంటున్నాం."

"నన్ను అన్నా అని పిలవకమ్మా, కమిటీ వాణ్ణి. ఎవరితో గొడవ?"

"అక్కతో. అక్కే చెప్పింది, పోనీలే ఒక్కపూట తిట్టేసుకుందాం, పిందెలు నిలబడతాయి కదా అని. బావకి మాత్రం చెప్పకండి. ఆయనకి తెలిస్తే నియమం, నిజాయితీ అంటాడు."

వాళ్ళ తల్లి పోయేనాటికి చెల్లెలు పసిపిల్ల. అక్కకు చదువుకునే వయసు. అక్క బడి మానేసి ఇంట్లో కూర్చుంది. వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపి, చెల్లెలి పెళ్ళి చేశాకనే తను కాటా ఆయన్ని చేసుకుంది. ఇదంతా మాకందరికీ తెలుసు. అక్క మాత్రం ఎవరి దగ్గరా ఒక్క మాట చెప్పుకోగా మేం వినలేదు.

మర్నాడు ఉదయం ఇద్దరూ వచ్చారు. అక్క చేతిలో కూరగాయల సంచి ఉంది, అటునుంచి బజారుకి వెళ్ళాలని కాబోలు. అక్క కుట్టుమిషను తీసుకుని తిరిగివ్వలేదన్నది వాళ్ళు అనుకున్న తగువు. చెల్లెలు మొదలుపెట్టింది. మిషను గురించి ఎంతసేపని తిడుతుంది? నాలుగు మాటలకే సరుకైపోయింది. అప్పటికే జనం మూగారు. "ఇంతేనా" అన్నారెవరో. చెల్లెలికి పౌరుషం వచ్చింది.

"మిషనేంటి, నా బతుకంతా నీ గుప్పిట్లోనే పెట్టుకున్నావు. అమ్మ పోయినప్పటి నుంచీ నీ దగ్గర ఊపిరాడక చచ్చాను. ఏం తినాలో నువ్వే, ఏం కట్టాలో నువ్వే, ఎవరితో మాట్లాడాలో నువ్వే. నేను పెళ్ళి చేసుకున్నది ఎందుకనుకున్నావ్? ఆ ఇంట్లోంచి బయటపడ్డానికి."

అక్క సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"నిజంగానా?" అంది మెల్లగా.

అది వాళ్ళనుకున్న మాటల్లో లేదని నాకు తెలిసిపోయింది. చెల్లెలికి తెలియలేదు. ఊపులో ఉంది.

"నిజంగానే," అంది.

జనం ముగ్ధులైపోయారు. ఇప్పటిదాకా జరిగినవాటిలో ఇదే అసలైన గొడవన్నారు. ఆ వారం మీటింగులో కాటా ఆయన మొహం గంటు పెట్టుకుని, మరదలి వైపు చూడకుండా, "చైర్మన్ భార్య మీకేమవుతుంది?" అని అడిగాడు. చెల్లెలు "ఏమీ కాదండి," అంది. రెండు తడులూ మంజూరయ్యాయి. పిందెలు నిలబడ్డాయి. కాయలు పిడికిలంత, తర్వాత రెండు పిడికిళ్ళంత అయ్యాయి.

గొడవైన సాయంత్రమే చెల్లెలు నవ్వుకుంటూ అక్కవాళ్ళ పెరటి గుమ్మానికి వెళ్ళిందట. "ఇప్పుడు కాదులే, ఎవరైనా చూస్తారు. నీళ్ళు అందాక మాట్లాడుకుందాం," అంది అక్క. మొదటి తడి అందాక వెళితే, ఇంకో తడి ఉందిగా అంది. రెండోది అందాక వెళితే, పంట చేతికి రానీ, ఎవరైనా ఫిర్యాదు చేస్తారు అంది. పంట చేతికొచ్చాక చెల్లెలు కాయలు బుట్టకెత్తుకుని వెళ్ళింది. అక్క బుట్ట అందుకుని, ఖాళీ చేసి, బుట్ట తిరిగిచ్చి, వచ్చే ఏడు కూడా నీళ్ళు కావాలి కదా అని తలుపేసుకుంది. ఒక్క మాట దురుసుగా అనలేదు. చెల్లెలు కొట్టుకొచ్చి, "నియమం అంటే అక్కకి మరీ భయమన్నా," అంది. నాకు ఉన్నమాట చెప్పేద్దామనిపించింది. కానీ నాకెందుకొచ్చిన గొడవని ఊరుకున్నాను. ఇప్పుడనుకుంటే నా మీద నాకే చిరాకేస్తుంది.

కాటా ఆయన పదవీకాలం అయిపోయింది. ఈసారి ఎవరితోనూ ఏ సంబంధమూ లేని మనిషే చైర్మన్‌గా ఉండాలని జనం పట్టుపట్టారు. అలాంటి మనిషి ఎవరున్నారు? నీళ్ళ కోసం సొంత అక్కనే కాదనుకున్న మనిషికి మించి పక్షపాతం లేనివాళ్ళెవరుంటారు? చెల్లెల్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. నేను మళ్ళీ సభ్యుణ్ణయ్యాను, ఎందుకంటే గొడవలు చూసిన అనుభవం ఉంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. డ్యాములో నీళ్ళు అడుగంటాయి. బీడు పెట్టినవాళ్ళు తక్కువ, అద్దెకు కావలసినవాళ్ళు ఎక్కువ. అక్కకు తండ్రి ఇచ్చిన నిమ్మతోట ఉంది. వాటా ఆవిడ పేరునే ఉంది. మీటింగుకు ముందు నుంచే చెల్లెలు నన్ను అడుగుతూనే ఉంది, అక్క వస్తుంది కదా, వస్తుంది కదా అని. వస్తే ఏమవుతుందో ఆవిడ ముందే లెక్క వేసుకుంది. అక్క వచ్చి నిలబడి "మీరు నాకేమీ కారు" అంటుంది, తను మంజూరు చేస్తుంది, నిమ్మచెట్లు బతుకుతాయి. ఆ రోజు తనన్న మాటలకు బదులుగా ఆ మాట పడితే గాని తన మనసు తేలికపడదని కూడా అంది.

మీటింగు రోజు మోటారు గది కిక్కిరిసిపోయింది. జనం ఈపాటికి ఆరితేరిపోయారు. ఒకే మోటారుసైకిల్ మీద దిగిన తండ్రీకొడుకులు గదిలో చెరో మూల కూర్చున్నారు. పిలవగానే లేచి, "ఎవరూ ఏమీ కారండి" అని అప్పజెప్పినట్టు చెప్పి కూర్చుంటున్నారు. బంధువుల వరసలో ఎవరూ లేరు. చెల్లెలు ప్రతి పేరుకూ తలుపు వైపు చూస్తోంది. చివరికి కాటా ఆయన ఒక్కడే లోపలికొచ్చాడు.

"వాటా మీ ఆవిడ పేరున ఉంది. ఆవిడే రావాలి," అన్నాడు నా పక్కన సభ్యుడు.

"తెలుసు. ఆ నియమం పెట్టింది నేనే. ఒక మాట చెప్పిపోదామని వచ్చాను. ఆవిడ రాదు."

"ఎందుకని?" అంది చెల్లెలు.

కాటా ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "వస్తే మీరు అడుగుతారు కదా, నేను నీకేమవుతానని. ఏమీ కావు అనాలి. ఆ మాట తన వల్ల కాదంది. ఒక్క ముక్కేగా, అందరూ అంటున్నారుగా, నువ్వూ అనేసి రా అని నేనూ చెప్పి చూశాను. చెట్లు ఎండితే ఎండనీ అంది."

నేనే కల్పించుకున్నాను. "వీళ్ళిద్దరికీ మాటల్లేవని మాకందరికీ తెలుసు. అడక్కుండానే మొదటి వరసలో వేసేద్దాం."

"నేనూ అదే అన్నాను. ఒప్పుకోలేదు. మాటలు లేకపోవడం వేరు, ఏమీ కాకపోవడం వేరు అంది. తనని బంధువుల్లోనే వేయమంది. ఎవరు ఏమవుతారని అడిగితే, చైర్మన్ మా చెల్లెలు అని చెప్పమంది."

చెల్లెలు లేచి నిలబడింది. "నేను రాజీనామా చేస్తాను. నేను కమిటీలో లేకపోతే అక్క ఎవరికీ చుట్టం కాదు."

"పంట మధ్యలో కుదరదమ్మా," అన్నాను. అనక తప్పలేదు. ఆవిడ బావ వైపు చూసింది. నియమం ఆయనది. ఆయన నేలకేసి చూస్తూ నిలబడ్డాడు, నిజాయితీపరుడు పాపం, అంతకంటే ఏం చేయగలడు. చెల్లెలు కూలబడినట్టు కూర్చుని, అక్క పేరు బంధువుల వరసలో తన చేత్తోనే రాసింది. ఆ వరసలో ఆవిడ ఒక్కతే. అందరం ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాం. నాకైతే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు చెల్లెలు ఆఫీసుకొచ్చి ఆ ఏడు తన వాటా మొత్తం కమిటీకి అప్పజెప్పేసింది. నేను నచ్చజెప్పబోయాను, దానిమ్మలు మళ్ళీ పూత మీదున్నాయి, బుద్ధుందా అని కూడా అన్నాను. వినలేదు. నేరుగా ఇవ్వడానికి లేదు కదా, వరస ప్రకారమే పోనీ, ఎన్ని నీళ్ళు చేరితే అంత కిందికి దిగుతాయి, ఆఖరికి అక్క దాకా వెళ్తాయి అంది.

నీళ్ళు వదిలాక ఆవిడ తూము దగ్గరే కూర్చుంది. మొదటి వరసవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మడవలు కట్టి నీళ్ళు తమ పొలాల్లోకి తిప్పుకున్నారు. ఎవరి తడి వాళ్ళది, ఎవరూ తప్పు చేయలేదు. కాలవలో నీళ్ళు సన్నబడి, చివరికి బురద మాత్రం మిగిలింది. నేను కొట్టు దిగి వెళ్ళాను.

"ఎందాకా వచ్చాయన్నా?" అంది.

"మొదటి వరసకే చాలలేదమ్మా. ఆఖరి తడి మా బావమరిదికి అందింది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నా తోట ఎండబెట్టుకున్నానని తెలిస్తే అక్క వచ్చి తిడుతుందంటావా?" అని ఆశగా అడిగింది.

"ఎందుకు తిట్టదమ్మా," అన్నాను. నిజానికి నాకు తెలియదు.